ఎన్ని అంగుళాలు లేపాలి అన్నది ఆఖరి ప్రశ్న

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి వచ్చేయండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈ స్టాండ్ల మీద ఉన్న బండి కింద చూపించాల్సినవి కొన్ని ఉన్నాయి, అక్కడి నుంచైతే ఏమీ కనపడదు.

ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందే బండి కొన్నవాళ్లు సస్పెన్షన్ గురించి అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ఎన్ని అంగుళాలు లేపమంటారు? రెండా, మూడా, నాలుగా? అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. నాలుగు చక్రాలూ నేలని వదలకుండా ఉండాలి, ప్రతి చక్రం మీదా ఎంతో కొంత బరువు పడుతూ ఉండాలి, సస్పెన్షన్ చెయ్యాల్సిన పని ఇదీ. ఎత్తు దానికి ఒక్కోసారి సాయపడుతుంది, చాలాసార్లు అడ్డం కూడా పడుతుంది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. స్ప్రింగులు మార్చి మూడు అంగుళాలు లేపితే బండి కింద ఖాళీ అంతటా మూడు అంగుళాలు పెరుగుతుందనుకుంటారు. సాలిడ్ యాక్సిల్ బండిలో, అంటే ఎడమ కుడి చక్రాలని ఒకే గట్టి ఇరుసు కలిపే బండిలో, అలా జరగదు. ఇదిగో, ఈ యాక్సిల్, మధ్యలో ఉబ్బెత్తుగా ఉన్న డిఫరెన్షియల్, అంటే ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే గేర్ల పెట్టె, ఇవి చక్రాలతో పాటే ఉంటాయి కాబట్టి స్ప్రింగ్ ఎంత పొడుగుది వేసినా డిఫరెన్షియల్‌కీ నేలకీ మధ్య దూరం వెంట్రుకవాసి కూడా మారదు. దాన్ని పైకి లేపగలిగేది టైరొక్కటే, అది కూడా సగమే, టైరు వ్యాసం రెండు అంగుళాలు పెరిగితే డిఫరెన్షియల్ లేచేది ఒక అంగుళం. మరి లిఫ్ట్ ఎందుకంటారా? పెద్ద టైరు పట్టడానికి చోటు దొరుకుతుంది, గట్టు ఎక్కేటప్పుడు ముందు బంపర్, దిగేటప్పుడు వెనక బంపర్, దాటేటప్పుడు బండి పొట్ట తగలకుండా ఉండే కోణాలు మెరుగవుతాయి. అంతవరకే.

అసలు స్పానర్ పట్టుకోకముందే చెయ్యాల్సింది ఇంకోటి ఉంది, టైర్లలో గాలి. రోడ్డు మీద 32 పీఎస్ఐ పెట్టే టైరుని రాళ్ల దారిలో 18కి దించి చూడండి. టైరు నేలని పట్టుకునే మేర పొడుగవుతుంది, చిన్న రాళ్లని టైరే మింగేస్తుంది, ఆ దెబ్బ స్ప్రింగ్ దాకా రాదు. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ నింపుకోవాలి, లేకపోతే టైరు వేడెక్కి పాడవుతుంది. ఒక చిన్న కంప్రెసర్, ఒక మంచి గేజి, అంతే సామాను. ఇది చేసి చూశాక కూడా బండి చాలట్లేదు అనిపిస్తేనే మిగతాది వినండి.

ఇప్పుడు స్ప్రింగులు. ఇందులో రెండు విషయాలని అందరూ కలిపేస్తారు, ఎత్తు ఒకటి, గట్టిదనం ఒకటి. పొడుగ్గా ఉంటూనే మెత్తగా ఉండే స్ప్రింగ్ చెయ్యొచ్చు, పొట్టిగా ఉంటూ రాయిలా ఉండేదీ చెయ్యొచ్చు. కాయిల్ స్ప్రింగ్ గట్టిదనం తీగ మందాన్ని బట్టి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే తీగ పది శాతం లావైతే స్ప్రింగ్ ఇంచుమించు 46 శాతం గట్టిపడుతుంది. చుట్ట వెడల్పు పెరిగితే మెత్తబడుతుంది, చుట్లు ఎక్కువైనా మెత్తబడుతుంది. అందుకే స్ప్రింగ్‌లో ఒక చుట్టు కోసేస్తే బండి కిందకి దిగడమే కాదు, గట్టిగా కూడా అయిపోతుంది. కంటికి ఒకేలా కనిపించే రెండు స్ప్రింగుల్లో ఒకటి నడుం విరగ్గొడుతుంది, ఇంకోటి హాయిగా ఉంటుంది. తేడా ఆ ఒకటి రెండు మిల్లీమీటర్ల తీగలోనే.

గట్టిదనం ఎంచుకోవాల్సింది బరువుని బట్టి. బండి మీద ఎప్పుడూ ఉండే బరువు, అది ముఖ్యం. స్టీలు బంపర్, వించ్, పైన రాక్, రెండో బ్యాటరీ, అదనపు ఇంధనం ట్యాంకు, ఇవి రోజూ ఉంటాయా, లేక ఏడాదికి రెండుసార్లు ఎక్కి దిగిపోతాయా? 300 కిలోల అదనపు బరువు కోసం చేసిన స్ప్రింగ్‌ని ఖాళీ బండికి వేస్తే చక్రం గతుకు మీద గెంతుతుంది, గుంటలోకి దిగదు. ఒక చిన్న లెక్క చెప్తాను, గుర్తుంచుకోండి. బండి బరువు పడగానే చక్రం దగ్గర స్ప్రింగ్ 20 సెంటీమీటర్లు కుంగితే ఆ బండి సెకనుకి సుమారు 1.1 సార్లు ఊగుతుంది, మనిషి ఒంటికి ఇది హాయిగా ఉంటుంది. 10 సెంటీమీటర్లే కుంగితే ఊపు 1.6 దాకా వెళ్తుంది, అప్పుడు వెనక సీట్లో వాళ్లు మాట్లాడటం మానేస్తారు. 1970లో వచ్చిన మొదటి రేంజ్ రోవర్ చేసింది ఇదే, ముందూ వెనకా సాలిడ్ యాక్సిళ్లు అలాగే ఉంచి కమాను పట్టీల (లీఫ్ స్ప్రింగుల) బదులు పొడవాటి మెత్తటి కాయిల్స్ పెట్టారు. జీప్ ర్యాంగ్లర్ 1997 మోడల్‌తో గానీ ఆ దారికి రాలేదు.

కమాను పట్టీల బండ్ల గురించి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పట్టీల మధ్య రాపిడే సగం షాక్ (ఊపుని ఆపే షాక్ అబ్జార్బర్) పని చేస్తుంది, తుప్పు పట్టి అతుక్కుపోతే ఏ కొత్త షాకూ ఆ బండిని బాగు చెయ్యలేదు. ఎత్తు కోసం వెనక యాక్సిల్‌కీ పట్టీకీ మధ్య దిమ్మ పెడితే పట్టీ మెలి తిరగడం ఎక్కువవుతుంది, ముందు యాక్సిల్‌కి మాత్రం దిమ్మలు అసలు పెట్టకండి, బ్రేకు వేసినప్పుడు అక్కడ పడే బలం వేరు. పట్టీ చివరని బండి చట్రానికి (ఛాసిస్‌కి) తగిలించే షాకిల్‌ని పొడుగు చేస్తే ఆ పొడుగులో సగమే ఎత్తు వస్తుంది, ముందువైపు అయితే స్టీరింగ్ కోణం కూడా పోతుంది. వీలైతే ఎక్కువ పట్టీలున్న, పల్చటి పట్టీలున్న కొత్త సెట్ వేసుకోండి.

ఇక ఈ మొత్తం ప్రసంగంలో నేను ఎక్కువసేపు ఉండేది ఇక్కడే, ప్రయాణం దగ్గర. ప్రయాణం అంటే చక్రం పైకీ కిందకీ కదలగలిగే మొత్తం దూరం. ఉదాహరణకి ఒక షాక్ వల్ల చక్రానికి 250 మిల్లీమీటర్ల కదలిక ఉందనుకోండి. బండి మామూలుగా నిలబడ్డప్పుడు పైకి 100, కిందకి 150. ఇప్పుడు అదే షాక్ ఉంచి స్ప్రింగ్ మాత్రం మార్చి 75 మిల్లీమీటర్లు లేపారు. ఏమైంది? కిందకి మిగిలింది 75. పైకి 175 ఉన్నట్టు లెక్క, అదీ పెద్ద టైరు ఫెండర్‌కి తగలకపోతే. మొత్తం మాత్రం అదే 250. కొత్తగా ఒక్క మిల్లీమీటరూ రాలేదు, పైగా గుంటలోకి దిగాల్సిన చక్రానికి సగం దారి మూసేశాం. అందుకే లేపిన బండి చూడ్డానికి గంభీరంగా ఉంటుంది, అడ్డం గట్టు ఎక్కగానే ఒక చక్రం గాల్లో వేలాడుతుంది. మామూలు బండి మెల్లగా పాక్కుంటూ పక్క నుంచి వెళ్లిపోతుంది.

కాబట్టి లిఫ్ట్ అంటే దానికి తగ్గ పొడవు షాక్ కూడా. ఎంత పొడవు? ఇది కేటలాగ్ చూసి చెప్పేది కాదు, కొలవాలి. ఎలాగో చూడండి. ఛాసిస్‌ని గట్టి స్టాండ్ల మీద పెట్టి, స్ప్రింగులు బయటికి తీసేసి, షాకులు విప్పి, యాక్సిల్‌ని జాకీ మీద పైకీ కిందకీ కదపాలి. స్ప్రింగ్ తీసేటప్పుడు దాన్ని నొక్కి పట్టే స్ప్రింగ్ కంప్రెసర్ టూల్ వాడండి, స్ప్రింగ్‌లో బిగించి ఉన్న శక్తి మనిషిని చంపగలదు, ఇది నేను భయపెట్టడానికి చెప్పట్లేదు. తర్వాత కొత్త టైర్లు బిగించి ఒక పక్క చక్రాన్ని పైదాకా ఎత్తండి, రెండో పక్క పూర్తిగా దించండి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి. టైరు ఎక్కడ రాసుకుంటోంది? బ్రేకు గొట్టం బిగుసుకుంటోందా? ఏబీఎస్ వైరు? యాక్సిల్‌కి ఇంజన్ బలం మోసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఛాసిస్ అడ్డ కమ్మీ (క్రాస్ మెంబర్) దేనికైనా తగులుతోందా? అప్పుడు షాక్ బిగించే రెండు కన్నాల మధ్య దూరం కొలిచి రాసుకోండి, పూర్తిగా మూసుకున్నప్పుడొకటి, పూర్తిగా తెరుచుకున్నప్పుడొకటి. షాక్ కొనాల్సింది ఆ రెండు అంకెలకి.

పైకి వెళ్లేటప్పుడు చక్రాన్ని ఆపాల్సింది బంప్ స్టాప్, అంటే చివర్న దెబ్బ తీసుకునే రబ్బరు దిమ్మ. షాక్ కాదు, ఫెండర్ కాదు, స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి ఆనుకోవడం అసలే కాదు. బంప్ స్టాప్ రబ్బరు నలిగే దూరాన్ని కూడా లెక్కలో వేసుకుని, అది పూర్తిగా నలిగిన తర్వాత కూడా షాక్‌లో కొన్ని మిల్లీమీటర్లు మిగిలేలా చూడండి. పొడవు షాకులు వేసి పాత బంప్ స్టాప్‌లే వదిలేసిన బండిలో మొదటి గట్టి దెబ్బకే షాక్ లోపల పిస్టన్ అడుగుకి కొట్టుకుంటుంది. లిఫ్ట్ కిట్ డబ్బాలో బంప్ స్టాప్ పొడిగింపులు లేకపోతే ఆ కిట్ అసంపూర్తి అని నా లెక్క.

కింది వైపు సంగతి ఇంకా చిత్రంగా ఉంటుంది. చక్రం ఎంత కిందకి దిగితే అంత గొప్ప అనుకుని ఫొటోలు పెట్టుకుంటారు. 20 డిగ్రీల ర్యాంప్ ఉంటుంది కదా, దాని మీదకి ఒక ముందు చక్రాన్ని ఎక్కించి, మిగతా చక్రాల్లో ఒకటి నేల వదిలేదాకా ఎంత దూరం ఎక్కిందో కొలిచి, దాన్ని వీల్‌బేస్‌తో భాగించి వెయ్యితో హెచ్చిస్తారు, ఆ స్కోరు చూసి మురిసిపోతారు. ఆ అంకె చెప్పనిది ఒకటుంది. కిందకి దిగిన చక్రాన్ని నేలకేసి నొక్కుతున్నది ఏది? స్ప్రింగ్ అప్పటికే పూర్తిగా సాగిపోయి వదులైతే ఆ చక్రం మీద ఉన్నది దాని సొంత బరువు, యాక్సిల్ బరువులో కొంత. నేలని తాకుతుంది కానీ పట్టదు. స్ప్రింగ్ సీటులోంచి జారిపోయేంత దిగే సెటప్‌లు చూశాను, చూడ్డానికి బాగుంటాయి, ఎక్కడానికి పనికిరావు. కొంచెం తక్కువ దిగినా స్ప్రింగ్ ఇంకా నెడుతూ ఉండే సెటప్ నాకు నచ్చుతుంది.

ముందూ వెనకా సమతూకం కూడా చూడాలి. వెనక యాక్సిల్ విపరీతంగా మెలి తిరిగి ముందు బిర్రుగా ఉంటే బాడీ ముందు చక్రాలనే అనుసరిస్తుంది, ముందు ఒక చక్రం రాయి ఎక్కగానే బండి మొత్తం పక్కకి ఒరుగుతుంది, డ్రైవరుకి గుండె జారిపోతుంది. సుజుకి జిమ్నీలో ముందు రేడియస్ ఆర్మ్‌లుంటాయి, అంటే ఛాసిస్ నుంచి యాక్సిల్‌కి వచ్చే కడ్డీలు, ఒక్కో ఆర్మ్ యాక్సిల్‌ని రెండు బుష్‌లతో, అంటే రబ్బరు తొడుగులతో, పట్టుకుంటుంది, కాబట్టి యాక్సిల్ మెలి తిరగాలంటే ఆ బుష్‌లే నలగాలి, యాక్సిలే ఒక యాంటీ రోల్ బార్‌లా, అంటే బండి పక్కకి ఒరగకుండా రెండు చక్రాలనీ కలిపే కడ్డీలా, పనిచేస్తుంది. అలాంటి బండికి వెనక మాత్రమే పొడవు షాకులు వేస్తే పైన చెప్పిన ఒరుగుడే వస్తుంది. యాంటీ రోల్ బార్ లింకులు విప్పుకునే ఏర్పాటు, అంటే డిస్కనెక్టులు, ముందు వైపు చాలా బండ్లకి లిఫ్ట్ కంటే ఎక్కువ మేలు చేస్తాయి. ర్యాంగ్లర్ రూబికాన్‌లో ఇది బటన్ మీద వస్తుంది. విప్పి రాళ్లలో నడపండి, రోడ్డెక్కేముందు తగిలించండి. అది మర్చిపోయి వేగంగా మలుపు తిరగకూడదు.

షాకుల గురించి అందరూ గట్టివా మెత్తవా అని అడుగుతారు. షాక్ చేసే పని కదలికని వేడిగా మార్చడం. అలలు అలలుగా ఉండే మట్టి రోడ్డు మీద గంటసేపు వెళ్తే లోపలి నూనె కాగిపోతుంది, గాలి కలిసి నురగ అవుతుంది, అప్పుడు షాక్ ఉన్నా లేనట్టే. ఒకే గొట్టంతో, నూనెనీ నైట్రోజన్ వాయువునీ వేరు చేసే పిస్టన్‌తో వచ్చే షాకుల్లో నురగ రాదు, వేడి కూడా త్వరగా బయటికి పోతుంది. బయట అదనపు డబ్బా ఉన్నవాటిలో నూనె ఇంకా ఎక్కువ. కానీ అసలు చూడాల్సింది వాల్వింగ్. పైకి వచ్చేటప్పుడు ఎంత ఆపుతోంది, కిందకి వెళ్లేటప్పుడు ఎంత ఆపుతోంది? రీబౌండ్, అంటే చక్రం కిందకి వెళ్లేటప్పుడు ఆపేది, మరీ ఎక్కువైతే ఒక గతుకు తర్వాత చక్రం కిందకి వచ్చేలోపే రెండో గతుకు, మూడో గతుకు వచ్చేస్తాయి, బండి మెల్లమెల్లగా కుంగిపోయి బంప్ స్టాప్ మీద నడుస్తుంది. అప్పుడు జనం స్ప్రింగ్ మెత్తబడిందనుకుని ఇంకా గట్టిది కొంటారు. తప్పు షాక్‌దని తట్టదు.

సరే, ఇప్పుడు బండి లేచింది. లేచినందుకు ఎన్ని కదిలాయో చూడండి. ముందు యాక్సిల్ ఆర్మ్‌లు కిందకి వాలాయి కాబట్టి యాక్సిల్ కొంచెం తిరిగింది, క్యాస్టర్, అంటే చక్రం ఏ ఇరుసు మీద పక్కకి తిరుగుతుందో అది వెనక్కి వాలిన కోణం, తగ్గింది. దాంతో స్టీరింగ్ వదిలేస్తే నిటారుగా రాదు, హైవే మీద బండి అటూ ఇటూ తేలుతుంది. దీనికి క్యాస్టర్ బుష్‌లు గానీ, పొడవు మార్చుకునే ఆర్మ్‌లు గానీ వెయ్యాలి. యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టుకునే పన్‌హార్డ్ రాడ్ ఒక చివర ఛాసిస్‌కి, ఒక చివర యాక్సిల్‌కి ఉంటుంది కదా, బండి లేవగానే అది ఛాసిస్ వైపు చివరకి యాక్సిల్‌ని లాక్కుంటుంది, మీ చక్రాలు ఒక పక్క ఎక్కువ బయటికి కనపడతాయి. పొడవు సర్దుకునే రాడ్ వేస్తే సరిపోతుంది. కానీ ఆ రాడ్‌నీ స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే డ్రాగ్ లింక్‌నీ సమాంతరంగా ఉంచాలి, ఒకదాని కోణం మార్చి రెండోది వదిలేస్తే ప్రతి గతుక్కీ స్టీరింగ్ దానంతట అదే తిరుగుతుంది. ఇక పన్‌హార్డ్ బుష్ వదులైతే, సాలిడ్ యాక్సిల్ బండిలో ఒక వేగం దగ్గర ముందు చక్రాలు రెండూ ఊగిపోవడం మొదలుపెడతాయి, బండి ఆపేదాకా ఆగదు. అది చూసి స్టీరింగ్ డ్యాంపర్ మారుస్తారు చాలామంది. అది నొప్పి మాత్ర, జబ్బు ఎక్కడో వదులైన కీలులో ఉంటుంది.

ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పెరిగితే వణుకు వస్తుంది. రెండు చివర్లా ఒక్కో యూనివర్సల్ జాయింట్ ఉన్న షాఫ్ట్‌కి రెండు కోణాలూ సమానంగా ఉండాలి. ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు వెనక యాక్సిళ్లకి బలం పంచే పెట్టె) వైపు డబుల్ కార్డాన్ జాయింట్, అంటే జంట జాయింట్, ఉన్న షాఫ్ట్ అయితే యాక్సిల్ పినియన్ (షాఫ్ట్ వచ్చి తగిలే గేరు) దాదాపు నేరుగా షాఫ్ట్ వైపు చూడాలి. ఈ తేడా తెలియక కోణం సర్దే షిమ్‌లు (వాలు బిళ్లలు) తలకిందులుగా వేసేవాళ్లున్నారు.

ఎవరూ చెప్పనిది ఒకటి చెప్తాను. కొన్ని బండ్లలో వెనక యాక్సిల్ నుంచి ఒక చిన్న కడ్డీ పైన వాల్వ్‌కి వెళ్తుంది, వెనక ఎంత బరువుందో దాన్ని బట్టి వెనక బ్రేకులకి ఒత్తిడి పంచడానికి. బండి లేపితే ఆ వాల్వ్ వెనక ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది. మీరేమో లగేజీ నింపుకుని కొండ దిగుతుంటారు. ఆ కడ్డీ బ్రాకెట్‌ని లిఫ్ట్‌కి తగ్గట్టు సర్దాలి. అలాగే హెడ్‌లైట్లు కిందకి వంచుకోవాలి, ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లు కూడా కళ్లే.

ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే రెండు చక్రాలూ దేనికది కదిలే ఏర్పాటు ఉన్నవాళ్లు, టయోటా హైలక్స్, ప్రాడో లాంటివి, మీకు వేరే చిక్కు. ఇక్కడ బాడీ లేస్తే డిఫరెన్షియల్ కూడా దాంతో లేస్తుంది, అది మంచిదే, కానీ డ్రైవ్ షాఫ్ట్‌ల చివర కీళ్లు, అంటే సీవీ జాయింట్లు, ఇంకా ఎక్కువ కోణంలో పనిచెయ్యాలి, వాటి రబ్బరు తొడుగులు చిరిగిపోతాయి. పై బాల్ జాయింట్ చివరికంటా వెళ్తుంది. అందుకే సుమారు 50 మిల్లీమీటర్ల దగ్గర ఆగమంటారు తెలిసినవాళ్లు. స్ట్రట్, అంటే స్ప్రింగూ షాకూ కలిసిన ముక్క, దాని పైన పెట్టే స్పేసర్ దిమ్మ జోలికి పోకండి. స్ట్రట్ బిగించేది కింది ఆర్మ్ మధ్యలో కాబట్టి ఒక అంగుళం స్పేసర్ చక్రం దగ్గర దాదాపు రెండింతలు లేపుతుంది, చవక, నిజమే. కానీ షాక్ మొత్తం కిందకి జరిగింది, కాబట్టి కిందకి దిగేటప్పుడు బాల్ జాయింట్‌ని దాని హద్దు దాటిస్తుంది, పైకి వచ్చేటప్పుడు బంప్ స్టాప్ కంటే ముందే షాక్ అడుగుకి తగలొచ్చు. కాయిల్ బదులు మెలి తిరిగే కడ్డీయే స్ప్రింగ్‌గా ఉండే టార్షన్ బార్ బండ్లలో బోల్టు తిప్పి లేపితే స్ప్రింగ్ గట్టిపడిందనుకుంటారు, లేదు, గట్టిదనం అదే, కిందకి దిగే దూరం మాత్రం పోయింది.

పక్కకి పడటం గురించి. చక్రాల మధ్య వెడల్పు 1.5 మీటర్లు, గరిమనాభి నేల నుంచి 70 సెంటీమీటర్లు ఉన్న బండి కాగితం మీద 47 డిగ్రీల దాకా పక్కకి వాలగలదు. 75 మిల్లీమీటర్లు లేపితే, యాక్సిళ్లూ చక్రాలూ లేవవు కాబట్టి గరిమనాభి ఓ 60 మిల్లీమీటర్లు లేచిందనుకుందాం, అది 44న్నరకి వస్తుంది. కొంచెమే కదా అంటారు. నిజమైన బండిలో స్ప్రింగులు కుంగుతాయి, టైర్లు నలుగుతాయి, పైన రాక్ మీద సామాను ఉంటుంది, కాగితం మీది అంకెకి చాలా ముందే పడిపోతుంది. రాక్ మీద బరువు దించడం కూడా సస్పెన్షన్ పనే అంటాను నేను.

పెద్ద టైరు వల్ల స్పీడోమీటర్ కూడా అబద్ధం చెప్తుంది. 29 అంగుళాల టైరు తీసి 31 వేస్తే మీటర్ 100 చూపించేటప్పుడు మీరు 107 దగ్గర ఉంటారు. గేరింగ్ కూడా అంతే బరువెక్కుతుంది. ఎంత ఎత్తు, ఎంత టైరు చట్టం ఒప్పుకుంటుందో మీ దగ్గర నియమాలు చూసుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లకి రాతపూర్వకంగా చెప్పండి.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పమ్మా. డిఫరెన్షియల్ లాకర్, అంటే రెండు చక్రాలనీ కలిపి తిప్పే తాళం ముందా, సస్పెన్షన్ ముందా అంటున్నారు. మంచి ప్రశ్న. మామూలు డిఫరెన్షియల్ ఉన్న యాక్సిల్‌లో ఒక చక్రం గాల్లోకి లేస్తే అది గిరగిరా తిరుగుతుంది, నేల మీద ఉన్న రెండోదానికి బలం అందదు. చక్రం లేవకుండా చూసేది సస్పెన్షన్, లేచినా బండిని కదిలించేది లాకర్. ఉత్తినే తిరిగే చక్రాన్ని బ్రేకుతో ఆపే ట్రాక్షన్ కంట్రోల్ బండిలో బాగుంటే ముందు షాకులు, డిస్కనెక్టులు చేసుకోండి. అది కూడా లేకపోతే వెనక లాకర్ ముందు. రెండిట్లోనూ లిఫ్ట్ తర్వాతే.

ఇంకొకరు రబ్బరు కంటే గట్టిగా ఉండే పాలీయూరితేన్ బుష్‌ల గురించి అడిగారు. కమాను పట్టీ చివర్లలో, యాంటీ రోల్ బార్ దగ్గర వేసుకోండి, గ్రీజు పెడుతూ ఉండండి. రేడియస్ ఆర్మ్‌ల యాక్సిల్ వైపు మాత్రం రబ్బరే ఉంచండి. అక్కడ మెలి తిరగడానికి చోటివ్వాల్సింది బుష్షే, అది ఒప్పుకోకపోతే ఆ బలం యాక్సిల్ మీద వెల్డ్ చేసిన బ్రాకెట్ మీద పడుతుంది, కొన్నాళ్లకి అక్కడ పగులు కనపడుతుంది. రబ్బరు బుష్ వేసినా బిగించే పద్ధతి ఉంది. బండి స్టాండ్ల మీద వేలాడుతుండగా ఆర్మ్ బోల్టులు పూర్తిగా బిగించకండి. అలా బిగిస్తే బండి నేల మీదకి దిగగానే రబ్బరు మెలి తిరిగి ఎప్పుడూ ఆ మెలికలోనే ఉంటుంది, నెలల్లో చిరిగిపోతుంది. వేలితో పట్టేంత బిగించి, బండిని చక్రాల మీద దించి, రెండు మూడుసార్లు ఊపి, అప్పుడు టార్క్ రెంచ్‌తో బిగించండి. ఒక వంద కిలోమీటర్లు తిరిగాక ప్రతి బోల్టూ మళ్లీ చూడండి, అలైన్‌మెంట్ కూడా అప్పుడే చేయించండి, కొత్త స్ప్రింగులు కొంచెం కుంగి కుదురుకుంటాయి కాబట్టి.